గోసాయి ఆగిన చోటు

అగ్రహాయణం 4, బుధవారం

ఆశ్రమంలో భోగం ప్రసాదం వడ్డనలు అయ్యాక భవతోష్‌దా మమ్మల్నందరినీ పాటల మంటపంలో కూర్చోబెట్టారు. మాఘంలో మా గురువు గోసాయి తిథి నాటికి ఆయన పాటల పుస్తకం "శరణమాల" కొత్త అచ్చు వస్తుందట. ఈసారి ఉత్త పాటలే కాదు, ప్రతి పాటకీ స్వరాలు కూడా వేస్తారట. ఎక్కడో అస్సాంలో ఉన్న శిష్యుల పిల్లలు కూడా హార్మోనియం ముందు పెట్టుకుని, చూసి పాడుకోవచ్చు. స్వరాలు రాయడానికి కృష్ణనగర్ నుంచి ఒక సంగీతం పంతులమ్మ వస్తుంది. టేపుల్లో లేని పాటలు నేను పాడి వినిపించాలి.

"తరుదీ తప్ప ఇంకెవరున్నారు? ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవాళ్ళలో గొంతు మిగిలింది ఆవిడకే," అన్నారు భవతోష్‌దా. హెడ్మాస్టరుగా చేసి దిగిన మనిషి, ఏది చెప్పినా హాజరు పిలిచినట్టే ఉంటుంది.

వంటశాల గుమ్మంలోంచి, వంట చూసే ఖుదూ పిసి, మా అందరికీ మేనత్త లెక్క, అంది, "గొంతు మిగిలింది సరే, అది బయటికి వినపడాలిగా. ఆ వచ్చే పిల్లని ఈవిడ నోట్లో చెవి పెట్టి రాసుకోమనండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిసి నోరు అంతే. గోసాయినే "ఓ ఠాకూర్, కిచిడీ చల్లారిపోతోంది, దేవుణ్ణి తరవాత చూద్దువుగాని" అని పిలిచిన మనిషి. గోసాయి పోయి పన్నెండేళ్ళయినా పిసి ఇంకా ఆయన పళ్ళెం మొదట వడ్డించి పటం ముందు పెడుతుంది, వేడి తగ్గిందేమో వేలు పెట్టి చూసి మరీ.

మళ్ళీ ఇలా రాసుకోవడం ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు. మా అబ్బాయి నీలు చనిపోయిన ఏడాది రాసుకున్నాను. తరవాత అవసరం లేకపోయింది. ఇప్పుడూ అవసరమేమీ లేదు. సంతోషంగానే ఉన్నాను.

అగ్రహాయణం 9, సోమవారం

ఆ అమ్మాయి వచ్చింది. పేరు కేయా. ముప్పై ఉంటాయేమో. కళ్ళజోడు, భుజాన గుడ్డ సంచి, సంచిలో పెన్సిళ్ళు. గోసాయి పటానికి దండం పెట్టి, నా కాళ్ళ వైపు వంగబోతే వెనక్కి జరిగాను.

"నేను గురువుని కాదమ్మా."

"పాట చెప్పేవాళ్ళెవరైనా అంతే, తరుదీ."

నాకు నచ్చింది.

ఇవాళ వేకువ పాటలు అయ్యాయి. నేను పాడతాను, ఆమె కళ్ళు మూసుకుని వింటుంది, మళ్ళీ పాడమంటుంది, రాస్తుంది, రబ్బరుతో చెరుపుతుంది. రాసింది తిరిగి తానే పాడుతుంది. అచ్చం నాలాగే వస్తుంది. ముప్పై ఏళ్ళుగా నా నోట్లో ఉన్న పాట ఇంకొకరి నోట్లోంచి వింటే, మన ఇంటిని మనమే వీధిలో నిలబడి చూసినట్టుంది. చూరు ఇంత వంగి ఉందా అనిపిస్తుంది.

రేపు "తలుపు" పాట.

అగ్రహాయణం 10, మంగళవారం

"తలుపు" పాట టేపుల్లో ఉంది. మూడు టేపులు. మూడూ గోసాయి చివరి ఏళ్ళవే. అంతకు ముందు మా ఆశ్రమంలో టేపు రికార్డరు ఎక్కడిది.

దీపం లేదు, ఆసనం లేదు, ఇల్లు ఊడ్చి లేదు,
తలుపు మాత్రం తీసే ఉంచాను, నీ వేళ నాకు తెలియదు.

"తలుపు మాత్రం" దగ్గర గోసాయి ఆగుతారు. ఆ ఆగిన చోట అందరం నుదురు నేలకి ఆన్చుతాం. దోమ కుట్టినా కొట్టుకోం. ఒళ్ళో పిల్ల ఏడ్చినా సముదాయించం. "తీసే ఉంచాను" అని మళ్ళీ ఎత్తుకున్నాకే తలలు లేస్తాయి. ఆయన ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. నది అవతల బెల్‌పుకూర్ శాఖవాళ్ళు మాకంటే ఎక్కువసేపు ఆగుతారు. అందుకని మావాళ్ళకి వాళ్ళంటే కొంచెం చిన్నచూపు, కొంచెం కుళ్ళు.

కేయా మూడు టేపులూ వేళ్ళ మీద తాళం వేసుకుంటూ వింది.

"భవతోష్‌దా, ఆగడం ఒక్కో టేపులో ఒక్కో రకంగా ఉంది. ఒకదానికి ఇంకోటి రెండింతలు. ఏది వెయ్యమంటారు?"

"పెద్దది వెయ్యి," అన్నారాయన వెంటనే.

"తాళంలో ఇమడదండీ."

"సమాధి తాళంలో ఇముడుతుందా అమ్మా?"

"సమాధి ఇమడక్కర్లేదు. తబలా వాయించేవాడు ఇమడాలిగా."

పిసి బియ్యంలో రాళ్ళేరుతూ, "బెల్‌పుకూర్ వాళ్ళకంటే ఒక్క చిటికె ఎక్కువ వెయ్యండి. గొడవ వదిలిపోతుంది," అంది.

చివరికి మధ్యరకం ఖాయం చేశారు. స్వరాల మధ్య ఇంత ఖాళీ, ఖాళీ మీద ఒక చుక్క, పేజీ అడుగున ఒక వివరణ. ఇక్కడ శ్రీ గోసాయి సమాధిలో లీనమయ్యేవారు, పాడువారు తల వంచి మౌనం వహించవలెను, అని.

నేను టేపులు పెట్టెలో సర్దాను. అనడానికేముంది.

అగ్రహాయణం 11

గసగసాల కూరలో ఉప్పు మరిచిపోయాను. మా ఆయన అలాగే తినేశారు.

అగ్రహాయణం 15, ఆదివారం

నిన్న భవతోష్‌దా మా కంచుసామాన్ల కొట్టుకి వెళ్ళారట. పుస్తకం విడుదలనాడు నలుగురి ముందూ మాట్లాడమని మా ఆయన్ని అడిగారట. "నృపేన్, ఆ ఆగిన చోట నీకేం జరిగిందో నువ్వే చెప్పాలి. నీకంటే సాక్షి ఎవరు?" అన్నారట.

బేరగాళ్ళతో కూడా ధర తప్ప రెండో మాట అనని మనిషి, సరేనన్నారట.

ఏం జరిగిందో ఊళ్ళో అందరికీ తెలుసు. నీలు తొమ్మిదో ఏట జ్వరంతో పోయాడు. తరవాత ఈయన కొట్టు తీయలేదు. గడ్డం గీసుకోలేదు. నాతో మాట్లాడలేదు. పొద్దంతా జలంగి నది గట్టు మీద కూర్చునేవారు, నీళ్ళు లోతుగా ఉన్న వైపు. అటే ఎందుకో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఒక సాయంత్రం చెయ్యి పట్టుకుని ఆశ్రమానికి తీసుకుపోయాను. రానని అనలేదు, అనేపాటి ఓపిక కూడా లేదు. గోసాయి "తలుపు" పాట పాడుతున్నారు. ఆగారు. మళ్ళీ ఎత్తుకున్నారు. ఇంటికి వస్తూ దారిలో ఈయన అన్నారు, "రేపు కొట్టు తీయాలి. తాళంచెవి ఎక్కడ పెట్టావు?"

ఆ ఆగిన చోట ఈయనకేం కనిపించిందో నేనెప్పుడూ అడగలేదు. తాళంచెవి తెచ్చి ఇచ్చాను. ఆ మాట మీదే ఇప్పటిదాకా బతికాం.

అగ్రహాయణం 18, బుధవారం

అన్నం పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. పక్క కొట్టు హలధర్ నన్ను చూసి నవ్వాడు.

"బౌదీ, దాదా పొద్దుటినించీ చెంబులకి ఉపదేశం ఇస్తున్నాడు. రెండు చెంబులు అప్పుడే దీక్ష పుచ్చుకున్నాయి."

లోపల ఈయన గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, వరసగా పేర్చిన చెంబుల ఎదట నిలబడి ఉన్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డారు. పెళ్ళినాటి సిగ్గు. ఆ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో.

అగ్రహాయణం 22, ఏకాదశి

ఉపవాసం. ఇంట్లో ఎవరూ లేరు. రాయకుండా ఉండలేకపోతున్నాను.

చివరి నాలుగు చలికాలాలూ గోసాయికి ఉబ్బసం. ఆయన వీపుకి వేడి ఉప్పుమూట కాపడం పెట్టింది నేను. పొద్దునైనా సాయంత్రమైనా "తలుపు" ఎప్పుడూ ఆఖరి పాట. అప్పటికి ఆయన రొమ్ము అలిసిపోయేది. పైగా "మాత్రం" దగ్గర గొంతు బాగా పైకెక్కాలి. జబ్బు రాకముందు ఆయన ఆ వరస అంతా ఒక్క ఊపిరిలో పాడేవారు, పిల్లవాడు గట్టు మీదికి పరిగెత్తి ఎక్కినట్టు. నేను నేర్చుకున్నది అప్పుడే. నేను నేర్చుకున్న పాటలో ఆగడం లేదు.

ఒక మధ్యాహ్నం వసారాలో ఎండకి కూర్చుని ఉన్నారు. నేను ఉప్పుమూట మారుస్తున్నాను.

"తరూ, ఆ పాటని రోజూ అక్కడ విరిచేస్తున్నాను. చాతకావడం లేదు," అన్నారు. కాసేపాగి, "నా నోట విరిగితే విరిగింది. రాతలో మాత్రం విరగనివ్వకు," అన్నారు.

"అలాగే బాబా," అన్నాను. పాదాలు ముట్టుకున్నాను.

అప్పట్లో రాతంటే మాటలే. ఇన్ని అచ్చులు వచ్చాయి, ఏ అచ్చులోనూ మాట విరగలేదు. స్వరాలు కూడా రాస్తారని ఆయనకి తెలుసా, నాకు తెలుసా.

అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు.

ఇదేమంత పెద్ద విషయం కాదు. పేజీలో ఇంత ఖాళీ. దేవుడికి ఖాళీ అడ్డమా.

అగ్రహాయణం 26, గురువారం

కేయా ఇవాళ అడిగింది. అందరం ఉన్నాం.

"తరుదీ, ఒక మాట. ఈ పాట మొత్తానికి ఎత్తైన స్వరం ఇదే. ఆయన ఇంకే పాటలోనూ మాట మధ్యలో ఆగలేదు. ముందునుంచీ ఇలాగే పాడేవారా?"

నేను జవాబు చెప్పేలోపు భవతోష్‌దా అందుకున్నారు. "ఉబ్బసం ఉండేదమ్మా, కాదనను. కానీ ఉబ్బసం ఎవరికి లేదు? మా మావగారికీ ఉంది. ఆయన ఆయాసపడితే ఎవరికీ భక్తి పుట్టలేదే?"

"మీ మావ నోరు విప్పితే గొడ్లు పలుపులు తెంచుకుంటాయి. భక్తెక్కడ పుడుతుంది," అంది పిసి.

కేయా నవ్వలేదు. నన్నే చూస్తోంది.

"నాకు గుర్తు లేదమ్మా," అన్నాను.

అగ్రహాయణం 27

గుర్తు లేదన్నాను.

అగ్రహాయణం 28

అది పూర్తిగా అబద్ధమని కూడా కాదు. ఆయన ఏ మాట ముందన్నారో, ఏది వెనక అన్నారో నాకు కచ్చితంగా గుర్తు లేదు. మనిషికి అన్నీ గుర్తుంటాయా. శాలువా రంగు గుర్తుంది. ఎండ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుంది. అంతమాత్రాన.

ఈయన కోసం అన్నాను. మనిషి నిలబడ్డ పీటని కిందనుంచి లాగే హక్కు ఎవరికీ లేదు. గోసాయి ఉన్నా అదే చెప్పేవారు.

చెప్పేవారా?

పౌషం 3, బుధవారం

గొంతు పూర్తిగా పోయింది. చలిగాలి. వేకువ పాటలకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నా బదులు మా పాటలవాళ్ళలో శేఫాలి పాడించింది. బెల్‌పుకూర్ వాళ్ళకి తీసిపోకూడదని చాలాసేపు ఆగింది. ఎంతసేపంటే, నేల మీద తల పెట్టినవాళ్ళలో ఎవరో గురక పెట్టారు. పక్కావిడ డొక్కలో పొడిస్తే లేచి "జయ గోసాయి" అన్నాడు.

నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. జలుబు చేస్తే కళ్ళు నీళ్ళు కారతాయి.

పౌషం 8, సోమవారం

సంతనుంచి ఆయన కొత్త ఈతబెల్లం తెచ్చారు. పాకం ఇంకా వెచ్చగా ఉంది. మరమరాల్లో వేసి ఇచ్చాను. తింటూ, "నువ్వు పాడించకపోతే పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు," అన్నారు.

"మీరు పాట వింటారనుకోలేదు. నిద్ర కళ్ళతో కూర్చుంటారు."

"పాట వినను. ఆగేదాకా కూర్చుంటాను. ఆగి, మళ్ళీ ఎత్తుకోగానే లేచిపోతాను."

నాకిన్నాళ్ళూ తెలియదు.

పౌషం 13, శనివారం

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. గురువారానికి దిద్ది పంపాలట. ఆపైన మార్చడానికి లేదు, నేరుగా అచ్చుకే.

"తలుపు" పేజీ చూశాను. "మాత్రం" కింద స్వరాలు పైకెక్కి ఎక్కి, అక్కడ ఖాళీ. పన్ను ఊడిన చోటులా ఉంది. కింద సన్నక్షరాల్లో, తల వంచి మౌనం వహించవలెను.

ఆయన వీపు మీద ఉప్పుమూట పెట్టిన చేత్తో ఆ పేజీ తిప్పాను.

పౌషం 15, సోమవారం

ఇవాళ కొట్టులో చెప్పేశాను. మధ్యాహ్నం బేరాలుండవు. ఆయన గల్లా పక్కన కూర్చుని ఒక కంచుగిన్నె తుడుస్తున్నారు.

"ఒకటి చెబుతాను, కోప్పడకండి."

"నీ మీద ఎప్పుడు కోప్పడ్డాను?"

చెప్పాను. ఉబ్బసం సంగతి, వసారాలో గోసాయి అన్న మాట, నేను సరేనన్నది, కేయాతో గుర్తు లేదన్నది. చెప్తున్నంతసేపూ గిన్నె వైపే చూశాను. ఆయన తుడవడం ఆపలేదు.

"ఉబ్బసమా? నాకు చెబుతున్నావా?" అన్నారు. "ఆ రోజు నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆయన రొమ్ములోంచి పిల్లికూన అరిచినట్టు వినపడింది."

తల ఎత్తి ఆయన్ని చూశాను.

"మరి సమాధి అని..."

"అది భవతోష్‌దా మాట. నేనెప్పుడన్నాను?"

గిన్నె తిప్పి రెండో వైపు తుడిచారు.

"అందరూ వంగారు. నాకు వంగాలని తెలియదు, కొత్తవాణ్ణి. చూస్తూ కూర్చున్నాను. ఆయన పెదాలు నల్లబడ్డాయి. ఈ ముసలాయన పోతున్నాడు, ఒక్కడూ చూడ్డం లేదు అనుకున్నాను. లేచి పట్టుకుందామనుకునేసరికి ఎక్కడినుంచో ఇంత గాలి అందింది. అందగానే ఏం చేశాడు? మంచినీళ్ళడగలేదు. పాట మొదటికి పోలేదు. వదిలిన చోటే పట్టుకున్నాడు. తీసే ఉంచాను, అని. నాకు దేవుడూ కనపడలేదు, వెలుగూ కనపడలేదు. వదిలిన చోట మళ్ళీ పట్టుకోవచ్చని కనపడింది."

గిన్నె కింద పెట్టారు. ఖంగుమంది.

"ఆ ఖాళీ తీయించేస్తానంటావు. తీసేస్తే నాకేం మిగులుతుంది?"

నేనున్నాను కదా అనలేదు. అనాలనిపించింది. క్యారేజీ విప్పి అన్నం వడ్డించాను.

పౌషం 16

ఆయన మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చెంబులతో కూడా మాట్లాడ్డం లేదని హలధర్ చెప్పాడు.

పౌషం 17, బుధవారం, పొద్దున

స్నానం చేసి, పటం ముందు కూర్చుని, ఏమీ కోరకుండా లేచాను. ఏది కోరినా ఒకరికి నష్టం.

ఒకటి ఆలోచిస్తున్నాను. ఆ రొమ్ములో చప్పుడు విన్నవాళ్ళం ఇంకెంతమందిమి ఉన్నాం. మేం పోయాక అస్సాంలో ఎవరో పిల్ల హార్మోనియం ముందు కూర్చుని, ఇక్కడ ఇంత ఆగాలి కాబట్టి ఇంత ఆగుతుంది. తాళం లెక్కపెట్టుకుని మళ్ళీ ఎత్తుకుంటుంది. ఒక ముసలాయనకి ఊపిరి అందలేదని ఆ పిల్లకి తెలియదు. ఈయన చూసింది ఆ ఖాళీలో ఉండదు. ఎంత ఖాళీ వేసినా ఉండదు.

ఈయనకి ఈ మాట చెప్పడం నాకు రాదు.

సాయంత్రం కమిటీ ఉంది. వెళ్తాను.

అదే రోజు, దీపాలు పెట్టాక

చెప్పాను.

కమిటీ అంటే భవతోష్‌దా, కేయా, ఇద్దరు పెద్దలు, మూల స్తంభానికి ఆనుకుని మా ఆయన. నేను లేచి చెప్పడం మొదలుపెట్టగానే భవతోష్‌దా "గట్టిగా చెప్పండి తరుదీ, వినపడ్డం లేదు" అన్నారు. మొదటినుంచి మళ్ళీ చెప్పాను. కేయాతో, "గుర్తు లేదన్నది తప్పమ్మా, గుర్తుంది," అన్నాను.

భవతోష్‌దా కళ్ళజోడు తీశారు.

"ఆయన ఈ మాట అన్నప్పుడు ఎవరైనా విన్నారా?"

"నేను విన్నాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నేళ్ళూ స్వరాలు రాయలేదు కదా."

"ఇన్ని వందలమంది అక్కడ తల వంచుతున్నారు. రేపు వాళ్ళకేం చెప్పమంటారు? మీ గురువు సమాధి కాదు, ఆయాసం అని చెప్పనా?" ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. నిజంగానే నమ్మారు. నేను ఆయన పీట కూడా లాగుతున్నానని అప్పుడు తెలిసింది.

స్తంభం దగ్గర్నుంచి మా ఆయన అన్నారు, "తీసేయండి."

భవతోష్‌దా వెనక్కి తిరిగారు. "నువ్వా ఈ మాటంటున్నది, నృపేన్?"

"ఊపిరి నోటికి కావాలి దాదా. కాగితానికెందుకు?"

భవతోష్‌దా చాలాసేపు గోసాయి పటం వైపు చూశారు. "ఆయన వద్దన్నాక మన భక్తి ఎంత," అని ప్రూఫు కేయా ముందుకి తోశారు. "నువ్వే కొట్టెయ్యమ్మా. నా చెయ్యి రాదు."

కేయా ఎర్రసిరాతో ఖాళీ కొట్టేసింది, చుక్క కొట్టేసింది, కింది వివరణ కొట్టేసింది. స్వరాలు ఒకదాని పక్కకి ఒకటి జరిగేట్టు గీత గీసింది.

ఇంటికి వస్తుంటే ఈయన రెండడుగులు ముందు నడుస్తున్నారు.

"నాకేం మిగులుతుంది అన్నారుగా," అన్నాను.

"అన్నాను."

"మరి?"

"మంచు పడుతోంది. కొంగు తలమీదికి లాక్కో," అన్నారు.

పౌషం 25

గొంతు కొంచెం వచ్చింది. ఇంట్లో గిన్నెలు తోముకుంటూ "తలుపు" ఒక్క ఊపిరిలో పాడి చూశాను. వచ్చింది. తిథినాడు అలాగే పాడతాను. ఒక్కసారి, ఆయన నేర్పినట్టు. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

మాఘం 12, ఆదివారం

తిథి అయింది. ఒళ్ళంతా నొప్పులు. అయినా రాస్తాను.

పుస్తకం బాగా వచ్చింది. నీలం అట్ట. మధ్యాహ్నం విడుదల. భవతోష్‌దా మా ఆయన్ని పిలిచారు. ఈయన మైకు ముందు నిలబడి, "ఒక సాయంత్రం ఇక్కడికి వచ్చాను. అప్పటినుంచీ వస్తున్నాను," అని దిగిపోయారు. చెంబులకి చెప్పినదంతా చెంబులకే మిగిలింది. జనం ఇంకా ఏదో ఉందనుకుని కాసేపు ఎదురుచూశారు, తరవాత చప్పట్లు కొట్టారు.

ఖాళీ తీసేసిన సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. బెల్‌పుకూర్ వాళ్ళు, "మీరు ఆగినా ఆగకపోయినా మేం వంగుతాం," అన్నారు.

దీపాల వేళ పాటలు. కేయా హార్మోనియం. నేను పాడించాను. ఆఖరున "తలుపు". దీపం లేదు, ఆసనం లేదు. గొంతు బాగానే ఉంది. గట్టు ఎక్కడానికి ముందు లోపలికి గాలి పీల్చుకున్నాను. తలుపు మాత్రం, అన్నాను.

అంతే. లోపల ఏమీ లేదు.

నేను ఆపలేదు. అది రాయాలి. నేను ఆపలేదు. చలిగాలో, పొద్దుటినుంచీ ఉపవాసమో, యాభై ఏళ్ళో. పైకెక్కిన చోట రొమ్ము ఖాళీ అయిపోయింది. నోరు తెరిచే ఉంది, గాలి రావడం లేదు. అందరూ వంగారు. మావాళ్ళూ, బెల్‌పుకూర్ వాళ్ళూ, భవతోష్‌దా కూడా. గాలికి వరిచేను పడ్డట్టు వీపులే వీపులు. ఇంతమంది మధ్య నేనొక్కదాన్నే. ఇలా ఉండేదా ఆయనకి, అనుకున్నాను. ప్రతి సాయంత్రం ఇలాగా.

ముందు వరసలో ఒక్క తల లేచి ఉంది. మా ఆయన. మోకాళ్ళ మీద సగం లేచారు, నా వైపు రావడానికి. కళ్ళల్లో భయం. నీలు జ్వరంలో ఉన్నప్పుడు చూశాను ఆ కళ్ళు.

వద్దన్నట్టు చెయ్యి కదిపాను. ఎక్కడినుంచో ఇంత గాలి అందింది.

తీసే ఉంచాను, అన్నాను.

ఆయన మెల్లిగా కూర్చున్నారు. పాట అయ్యేదాకా లేచి వెళ్ళలేదు.

మాఘం 13, సోమవారం

ప్రసాదం గంగాళాలు కడుగుతున్నాం. భవతోష్‌దా మిగిలిన పుస్తకాలు కట్టలు కట్టిస్తున్నారు. కేయా బస్సుకి ఇంకా టైముందని పిసి పక్కన కూర్చుని బంగాళాదుంపలు తరుగుతోంది.

"ఏమే తరూ, నిన్న నీకూ సమాధి పట్టిందటగా," అంది పిసి. "బెల్‌పుకూర్ వాళ్ళు నీ పాదధూళి కోసం పడవెక్కారట. కాళ్ళు కడుక్కోకు, పాపం, దూరంనుంచి వస్తున్నారు."

కేయా తల దించుకుంది. భవతోష్‌దా దారం ముడి వేస్తూ ఆగారు. ఏం చెప్తానో అని అందరూ చూస్తున్నారు.

"సమాధి కాదు పిసీ. ఊపిరి అందలేదు," అన్నాను.

పిసి కత్తిపీట మీదినుంచి చూపు ఎత్తలేదు.

"ఆయనా అదే అనేవాడు," అంది. "పాటలకి ముందు వంటింట్లోకి వచ్చి నన్ను అల్లం ముక్క అడిగేవాడు. నేను తరిగి తెచ్చేలోపు మీరంతా నేల మీద పడి ఉండేవాళ్ళు."

పక్క పళ్ళెంలోంచి ఒక అల్లం ముక్క తీసి, తడి చేత్తోనే నాకు అందించింది.

"ఇంద, నములు."